బడిలో నిర్ణయం ఎవరిది? – ‘రైలుబడి’, బార్బియానా లేఖల తులనాత్మక పరిశీలన

ప్రత్యామ్నాయ విద్యాసాహిత్యాన్ని చర్చించేటప్పుడు ‘సృజనాత్మకం’, ‘ప్రజాస్వామికం’ అనే విశేషణాలను జంటగా వాడటం పరిపాటి అయింది. పిల్లలు ఆనందంగా ఉన్న బడి ప్రజాస్వామికమైనదే అయి ఉంటుందన్న నమ్మకం దీనికి మూలం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో రెండు రచనల ఆధారంగా పరిశీలించవచ్చు. మొదటిది తెలుగు పాఠకులకు ‘రైలుబడి’గా పరిచితమైన టెట్సుకో కురొయనాగి స్మృతిరచన ‘టోటోచాన్’ (1981). రెండవది ఇటలీలోని టస్కనీ కొండపల్లె బార్బియానాలో చదువుకున్న ఎనిమిదిమంది విద్యార్థులు కలిసి రాసిన ‘ఒక ఉపాధ్యాయురాలికి లేఖ’ (1967).

సొసకు కొబయాషి 1937లో టోక్యోలో నెలకొల్పిన తొమోయె పాఠశాలలో పాత రైలుపెట్టెలే తరగతి గదులు. ఆనాటి పాఠాల్లో దేనితో మొదలుపెట్టాలో పిల్లలే ఎంచుకుంటారు. కొత్తగా చేరిన పిల్ల చెప్పే కబుర్లను ప్రధానోపాధ్యాయుడు నాలుగు గంటలసేపు వింటాడు. తెలుగులో ఈ పుస్తకాన్ని ప్రస్తావించేవారు సాధారణంగా ఈ ఘట్టం దగ్గరే ఆగుతారు. కథనిర్మాణాన్ని గమనిస్తే మరొక విషయం బయటపడుతుంది. టోటోచాన్‌ను అంతకుముందు బడి నుంచి పంపివేశారన్న సంగతి పాఠకుడికి ఆరంభంలోనే తెలుసు. ఆ పిల్లకు మాత్రం ఇరవయ్యేళ్ళు దాటాక గాని తెలియదు. ఎదుగుదల ఆగిపోయిన తకహాషి ఆటల పోటీల్లో గెలుస్తాడు. అతడు గెలిచేందుకు వీలుగా పోటీలను రూపొందించినది కొబయాషి. అదే పిల్లవాడి మనసు నొచ్చుకునేలా మాట్లాడిన ఉపాధ్యాయురాలిని ఆయన మందలించినది పిల్లల ఎదుట కాదు, వంటగదిలో. టోటోచాన్ దానిని చాటుగా విన్నది కనుకనే మనకు తెలిసింది.

ఈ మూడు సందర్భాల్లోనూ పిల్లలకు న్యాయమే జరిగింది. అయితే ఆ న్యాయం వారికి తెలియకుండా, వారి ప్రమేయం లేకుండా జరిగింది. తొమోయెలో ఉన్నది ఒక వ్యక్తి దయాగుణంపై నిలిచిన స్వేచ్ఛ. ఈ మాట కొబయాషిని తక్కువ చేయడానికి కాదు. సైనికవాదం బలపడిన దేశంలో ప్రచారానికి దూరంగా ఉండటం కూడా ఆ బడిని కాపాడే మార్గమై ఉండవచ్చు. 1945లో వైమానిక దాడులకు ఆ బడి కాలిపోయింది. దశాబ్దాల తరువాత ఒక పూర్వవిద్యార్థిని కృతజ్ఞతతో రాసిన జ్ఞాపకంగా అది మనకు దక్కింది. ఆ కృతజ్ఞతే రచనకు బలం. విమర్శకుడి దృష్టిని మరల్చేదీ అదే.

బార్బియానా బడి దీనికి పూర్తిగా భిన్నం. మతాధికారి లొరెంజో మిలానీ నడిపిన ఆ బడిలో ఆటవిడుపు లేదు, ఆదివారం సెలవు లేదు. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కటే ప్రతి. అందరూ దానిచుట్టూ గుమిగూడవలసిందే. పెద్దపిల్లలు చిన్నవారికి చదువు చెబుతారు. ‘రైలుబడి’ని ప్రేమించిన పాఠకుడికి ఇది కఠినంగా తోచడం సహజం. కాని లేఖను రచించిన పద్ధతిని చూడాలి. తోచిన ఆలోచనలను చీటీలమీద రాసుకోవడం, వాటిని కుప్పలుగా వేరుచేయడం, పునరుక్తులను తొలగించడం, పదం పదం బిగ్గరగా చదివి అనవసరమైన విశేషణాలనూ కష్టమైన మాటలనూ కొట్టివేయడం, చివరికి పెద్దగా చదువుకోని బయటివారికి వినిపించి సవరించుకోవడం వారి పద్ధతి. ఆ పద్ధతిని వారే లేఖలో వివరించారు. పరీక్షల్లో తప్పినవారు ఎవరి పిల్లలో లెక్కలు తీసి, తప్పించిన ఉపాధ్యాయురాలినే సంబోధించి నిలదీశారు. ఇక్కడ సృజన ఆనందరూపంలో కాక ఆగ్రహరూపంలో కనిపిస్తుంది. నిర్ణయం మాత్రం సమష్టిది.

అయితే లేఖలోనూ ఒక మరుగు ఉంది. కర్తగా బార్బియానా పాఠశాల పేరే ఉంటుంది, మిలానీ పేరు ఉండదు. ఆయన భావజాలం మాత్రం రచనంతటా పరచుకొని ఉంటుంది. పిల్లల ‘మేము’లో గురువు గొంతు ఎంత అన్న ప్రశ్నను తేలికగా తోసిపుచ్చలేము. అయినా రెండు రచనల మధ్య భేదం చెరగదు. తొమోయె పిల్లలకు తమ బడి నియమాలు ఎలా ఏర్పడ్డాయో తెలియదు. బార్బియానా పిల్లలు తమను తప్పించిన నియమాన్ని చదివి, లెక్కించి, మార్చమని అడిగారు. ప్రజాస్వామికమన్న విశేషణానికి ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ అర్హమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదం బడిపిల్లల భాషను గురించిన ప్రశ్నతో ముడిపడి ఉంది. పిల్లవాడి మాటను తప్పుగా లెక్కించే అధికారం ఎవరిది అన్నది అక్కడ కూడా మూలాంశమే. మన బాలసాహిత్య విమర్శ పిల్లల రచనల సంకలనాలను ఇతివృత్తం దృష్ట్యా పరిశీలించినంతగా, వాటి కూర్పు దృష్ట్యా పరిశీలించవలసి ఉంది. ఏ వాక్యాన్ని పిల్లలు నిలుపుకున్నారు, ఏ మాండలిక పదాన్ని సంపాదకుడు దిద్దాడు, ఆ దిద్దుబాటు పిల్లలకు చూపించారా లేదా అన్నవి చేతిరాత ప్రతులను ముద్రిత ప్రతులతో పోల్చితే తేలే విషయాలు. ఆ ప్రతులు ఇంకా ఉపాధ్యాయుల వద్ద ఉన్నప్పుడే ఆ పని మొదలుపెట్టడం మేలు.