నట్టల మందు కన్నా ముందు అడగాల్సింది

తొలకరి ముందు పెరటి కోళ్లకు నట్టల మందు వేయాలన్న సలహా వ్యవసాయ పేజీల్లో ఏటా వస్తుంది, ఈ వారమూ కనబడింది. మూడు నెలలకోసారి, మందలో అన్నిటికీ, తాగే నీళ్లలో కలిపి పెట్టమని నాలుగు వాక్యాల్లో తేల్చారు. చూడగానే సంతోషం వేసింది. నాటుకోడికి మందెందుకు, అది ఏరుకు తిని దాని బతుకు అది బతుకుతుంది అనే మాటతో ఈ కాలమ్‌కు ఏనాటినుంచో పేచీ ఉందని చదువరులకు తెలుసు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు వగైరా కలిపి 85 కోట్లుంటే వాటిలో దాదాపు 32 కోట్లు పెరటివే. 2012తో పోలిస్తే పెరటివి 46 శాతం దాకా పెరిగాయి. ఇన్ని కోట్ల పక్షులను వైద్యం అక్కర్లేని జీవాలుగా వదిలేయడం అన్యాయం. అయినా ఆ సలహాను రెండోసారి చదివితే, ఏ కోడిని చూసి రాశారన్న అనుమానం వచ్చింది. షెడ్డులో ఒకే వయసు కోళ్లను ఉంచి, మనం పోసిన నీళ్లు తప్ప వేరే నీళ్లు దొరకనిచోట అది మంచి సలహాయే. ఒడిశాలోని రాయగడ జిల్లా రామనగుడలో పొద్దున గూడు తలుపు తీస్తే ఊరంతా తిరిగి పొద్దుగూకి ఇల్లు చేరే కోడికి అది ఎంతవరకు పనికొస్తుందో నిదానంగా ఆలోచించాలి.

ముందు మందు పక్షాన చెప్పాల్సింది చెబుతాను. కోళ్ల పేగుల్లో పెరిగే ఏలికపాము బెత్తెడు పొడవుంటుంది. ఆడ పురుగు వేలకొద్దీ గుడ్లు పెడితే అవి రెట్టతో నేలమీద పడతాయి. వెచ్చదనం, తడి రెండూ కలిసొస్తే రెండు వారాల్లోనే ఆ గుడ్లు ఇంకో కోడికి సోకడానికి సిద్ధమవుతాయి. వాటిని మింగిన కోడి పేగు గోడలో పిల్ల పురుగులు కొన్నాళ్లు దాగి, ఐదు నుంచి ఎనిమిది వారాల్లో అవీ గుడ్లు పెట్టే స్థితికొస్తాయి. వానలకు పైకొచ్చే వానపాములు కూడా ఆ గుడ్లను మోస్తాయి. మూడు నెలలు దాటిన కోడికి తట్టుకునే శక్తి కొంత వస్తుంది. అంతకన్నా చిన్నదానికి రెక్కలు వాలిపోతాయి, ఎదుగుదల ఆగిపోతుంది, పురుగులు మరీ ముదిరితే పేగు మూసుకుపోయి ప్రాణమే పోతుంది. తల్లి వెంట తిరిగిన పిల్లల్లో సగం నెలకో రెండు నెలలకో కనబడకపోతే గద్ద మీదా ముంగిస మీదా నెపం వేస్తాం. అందులో కొంత పాపం పురుగుది. కాబట్టి మందు అవసరమే. కానీ ఏ మందు, ఏ కోడికి, ఎలా అన్నవి తేలకుండా మందు వేయమనడం సగం సలహానే.

దుకాణంలో తక్కువ ధరకు దొరికే పాత మందు పైపరజీన్. అది ఏలికపామును కదలకుండా చేసి రెట్టతో బయటకు పంపుతుంది. తక్కిన పురుగుల జోలికి దాదాపు పోదు. అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఇంకొన్ని రకాల మీద పనిచేస్తాయి. రెట్టలో బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే అది బద్దెపురుగు. దానికి సాధారణంగా ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడ్ లాంటి వేరే మందు కావాలి. షెడ్డు కోడికీ ఊరి కోడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. బద్దెపురుగు కోడి నుంచి కోడికి నేరుగా రాదు. చీమలు, పేడపురుగులు, నత్తలు మధ్యలో ఉండి దాన్ని మోస్తాయి. రామనగుడ కోడికి పగలంతా తిండి అవే. దాని తిండిని ఆపలేం, ఆపకూడదు కూడా, ఖర్చు లేని మాంసకృత్తులు దానికి దొరికేది అక్కడే. అంటే ఆ కోడి కడుపులో బద్దెపురుగు ఉండే అవకాశం ఎక్కువ, మనం కొనే మందు దానికి తగిలే అవకాశం తక్కువ. నీళ్లలో కలపడంలో ఇంకో చిక్కుంది. వానాకాలంలో వీధి నిండా గుంటలే. దాహమైన కోడి మందు కలిపిన మూకుడు దగ్గరికే రావాలని ఎక్కడుంది? గూట్లో మూసి ఉంచి తాగించినా, తవుడులో కలిపి పెట్టినా బలమైన పుంజు ముందు వస్తుంది, తర్వాత పెద్ద పెట్టలు, చివర్న పిల్లలు. కోళ్ల మందలో ఈ పెద్దరికపు వరుస ఉంటుందని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్-ఎబ్బె 1920ల్లోనే పరిశీలించి రాశాడు, మన పల్లె ఆడవాళ్లకు అది ఎప్పటినుంచో తెలుసు. ఆ వరుసలో మందు ఎక్కువ తాగేది అంతగా అవసరం లేని పుంజు, అందనిది అత్యవసరమైన పిల్ల. అందుకే పది, పదిహేను కోళ్లున్న ఇంట్లో సాయంత్రం గూట్లో చేరాక ఒక్కొక్కదాన్ని పట్టుకుని, బరువును బట్టి చుక్కల గొట్టంతో నోట్లో వేయడమే సరైన పద్ధతి. కష్టమే, కానీ వేసిన మందు ఏ కోడికి అందిందో తెలుస్తుంది.

మోదుగ గింజలు, వేపాకు, వెల్లుల్లి ఉండగా సీసా మందులెందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను నేను తోసిపుచ్చను. మోదుగ గింజ పురుగుల మీద పనిచేస్తుందని ఆయుర్వేదం చెప్పింది, అందులో ఆ గుణమున్న పదార్థం ఉందని పరీక్షల్లోనూ తేలింది. చిక్కల్లా మోతాదుతోనే. ఒక చెట్టు గింజలో ఉన్నంత బలం ఇంకో చెట్టు గింజలో ఉండదు, రెండు వందల గ్రాముల పిల్లకు ఎంత వేయాలో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పెద్ద కోళ్లకు అలవాటుగా వేసేవారు వేసుకోవచ్చు, నీరసించిన పిల్లకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం నేలది. మీ ఇంటి కోళ్లన్నిటికీ సరైన మందు సరిగ్గా పడిందనే అనుకుందాం. మర్నాడు అవి దిగేది పక్కింటి కోళ్లు రెట్ట వేసిన నేలమీదికే. నెలల తరబడి చావకుండా ఉండే గుడ్లు ఆ నేల నిండా ఉంటాయి. రెండు నెలల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది. దానికి తోడు మూడు నెలలకోసారి అందరూ అదే మందు పోస్తూ పోతే ఇంకో ప్రమాదం ముంచుకొస్తుంది. గొర్రెల పొట్ట పురుగులు అల్బెండజోల్ జాతి మందులకు లొంగకుండా పోయి ప్రపంచమంతటా కాపరులను ఏడిపిస్తున్నాయి. అమెరికాలో టర్కీ కోళ్ల ఏలికపాముల్లోనూ ఫెన్‌బెండజోల్‌కు లొంగనివి ఇటీవలి ఏళ్లలో బయటపడ్డాయి.

మరి మందు మానేయాలా అంటే, కాదు. దాన్ని ఏ పనికి వాడాలో మార్చుకోవాలి. పెరటి మందను ఊడ్చిపెట్టేది పురుగు కాదు, కొక్కెర తెగులు. 1920ల చివర్లో కుమావూఁ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడి ఆ ఊరి పేరే తెచ్చుకున్న జబ్బు అది. టీకా లేని మందలో చొరబడితే వారం పది రోజుల్లో గూళ్లు ఖాళీ. పురుగు పిల్లను కుంగదీస్తుంది, కొక్కెర ఇంటినే కుంగదీస్తుంది. దీనికి మొదటి వారంలో కంటి చుక్కల టీకా, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌2బి సూది ఉన్నాయి. ఆ సూదికి వారం పది రోజుల ముందు నట్టల మందు వేయమని పశువైద్యులు చెప్పేది ఊరికే కాదు. ఏలికపాములున్న కోళ్లలో ఈ జబ్బు టీకాకు శరీరం సరిగ్గా స్పందించడం లేదని డెన్మార్క్ పరిశోధకులు 2014లో ప్రచురించారు. నట్టల మందుకు అసలైన సమయం, సార్థకత అక్కడ దొరుకుతాయి. తొలకరి అనో, మూడో నెల అనో కాదు, రెండు నెలల పిల్లకు సూది వేసే తేదీకి ముందు వారం. అప్పటికి పిల్ల పురుగుకు బాగా లొంగే వయసులోనే ఉంటుంది, మందు వల్ల దానికి రెండు రకాల మేలు.

టీకా ఇంటి గడపకు ఎక్కడ వస్తుంది, దుకాణంలో మందు మాత్రమే దొరుకుతుంది కదా అంటే ఆ మాటలో న్యాయముంది. టీకాను చల్లగా దాచాలి, సీసాలో సాధారణంగా వంద మోతాదులుంటాయి, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఒక్క ఇంటికోసం ఎవరూ సీసా విప్పరు. అందుకే ఊరు కలవాలి. అది భారంగా కనిపించినా నేల గురించి పైన చెప్పిన చిక్కును కూడా అదే కొంత సడలిస్తుంది. ఒకే వారంలో వాడంతా పిల్లలకు మందు పడితే ఆ నెల నేలమీద రాలే గుడ్లు తగ్గుతాయి. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, 1992 దాకా కోరాపుట్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతపు తెలుగు ఇళ్లకు ఆంధ్ర పత్రికల సలహాలు అందుతాయి, వాటిలో రాసిన రైతు సేవా కేంద్రం మాత్రం అక్కడ ఉండదు. అక్కడ వెతకాల్సింది బ్లాక్ పశువుల ఆసుపత్రిని, లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌ను, ఊళ్లో ఉంటే ప్రాణిమిత్రను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను పంచే పథకాలకు ఉన్న ఊపు టీకా చల్లటి పెట్టె ఊరిదాకా రావడానికి లేదని ఇదే చోట ఎన్నోసార్లు రాశాను, ఆ ఊపు వచ్చేదాకా రాస్తాను. పంచిన పిల్ల బతకాలంటే ఆ పెట్టె ముందు రావాలి.

ఒకే రోజు కూలి, ఒకే చిన్న మొత్తం చేతిలో ఉన్న ఇంటికి నా తీర్పు ఇది. మొదట టీకా, దానికి ముందు వారం రెండు నెలల పిల్లలకు నట్టల మందు, ఆపైన నీరసించిన కోడికి రెట్ట చూపించి తగిన మందు. బాగా తిని తిరుగుతున్న పెద్ద కోళ్లన్నిటికీ మూడు నెలలకోసారి పోసే అలవాటు మానండి. గూడు నేలకు ఎత్తుగా కట్టి, అడుగున పడ్డ రెట్టను ఊడ్చి పిల్లలు తిరగని గుంటలో వేయండి. మందు వేశాక గుడ్లు, మాంసం ఎన్నాళ్లు తినకూడదో సీసా మీద ఉంటుంది, చదవడం రాకపోతే చదివించుకోండి. వాడలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఈ వారమే ఆసుపత్రికి వెళ్లి, ఆర్‌2బి ఏ రోజు వేస్తారో అడగండి. మందు కొనడం ఆ తేదీ తెలిశాకే.