రోనాల్డ్ రాస్ కవిత: శాస్త్ర తర్కం, క్రైస్తవ విశ్వాసం

శాస్త్ర తర్కానికీ క్రైస్తవ విశ్వాసానికీ గల సంబంధాన్ని పరిశీలించడానికి దగ్గరి ఉదాహరణే ఉంది. మా గాజులరామారానికి ఎంతో దూరం లేని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో నల్లటి రేణువులున్న కణాలను చూశాడు. ఆ సంతోషంలో ఒక కవిత రాశాడు. దేవుడు కరుణించి ఈ రహస్యాన్ని తన చేతిలో పెట్టాడన్నాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికను తలపించే మాటలతో మృత్యువుపై గెలుపును చాటాడు. డిసెంబరులో అచ్చయిన అతని వ్యాసం శీర్షిక మాత్రం రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత కణాలనే పేర్కొంటుంది.

ఈ కవితను ఒకరు విశ్వాసానికి రుజువుగా చూపవచ్చు. మరొకరు శాస్త్రజ్ఞుడి బలహీనతగా కొట్టివేయవచ్చు. ఇద్దరూ పొరబడినట్టే. ఆలోచన ఎలా తట్టిందన్నది ఆవిష్కరణ సందర్భం. అది నిజమని ఎలా నిలబెడతామన్నది సమర్థన సందర్భం. 1938లో రైఖెన్‌బాక్ చూపిన తేడా ఇది. ప్రార్థన పరిశోధకుడికి ఓర్పునివ్వవచ్చు. దోమ మలేరియాను మోస్తుందన్న వాక్యానికి ఆధారం మాత్రం ప్రయోగమే. 1898లో కలకత్తాలో పక్షులపై చేసిన ప్రయోగాల్లో, క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సోకుతాయని రాస్ చూపాడు.

కవితలో చిక్కు మరొకటి ఉంది. పౌలు చెప్పిన గెలుపు పునరుత్థానానిది. రాస్ దానిని ఒక పరిశీలనకు ముడిపెట్టాడు. ఆ పరిశీలన తప్పని తేలి ఉంటే విశ్వాసమూ కూలాలా? కృతజ్ఞతగా చదివితే కవిత నిలుస్తుంది. రుజువుగా చదివితే నిలవదు. మీరు జవాబు రాసేటప్పుడు, ఏ వాక్యానికి ఏది ఆధారమో ముందుగా తేల్చుకోండి.