గదిక్రీడయందలి ప్రహేళిక

దండి కావ్యాదర్శ తృతీయ పరిచ్ఛేదమున 16 ప్రహేళికలను నిరూపించి, పూర్వాచార్యులు మఱి 14 దుష్టప్రహేళికలను గూడ పేర్కొనిరని తెలిపి, దోషములకు అంతము లేదు గాన వానిని విడిచిపెట్టెను. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు ఇంకను కఠినుడు. రసమునకు అడ్డుపడునది గాన ప్రహేళిక అలంకారమే కాదని యాతని తీర్పు. ఈ రెండభిప్రాయములను నేటి ప్రహేళిక యొకదానిపై నిలిపి చూచుట ఈ వ్యాసోద్దేశము. అది కంప్యూటరు తెరపై నాడు 'ఎస్కేప్ రూమ్' క్రీడ. ఆడువాడు తాళము పడిన గదిలో చిక్కియుండును. కనబడు వస్తువులను మౌసుతో నొక్కి, ఆనవాళ్లను కూర్చుకొని, తలుపు తెఱచుకొని వెలుపలికి రావలెను. పరిశోధన సంచికలో దీనికి చోటేమని పెద్దలు కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు.

జపానీయుడగు తోషిమిట్సు తకాగి 2004లో వెలువరించిన 'క్రిమ్సన్ రూమ్' ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధము. మితిమీరి త్రాగినవాడొకడు ఎఱ్ఱగోడల గదిలో మేల్కాంచుటతో అది మొదలగును. పరిశోధక విద్యార్థిగా నున్నపుడు నేను దానిని జగ్గయ్యపేటలో నొక నెట్ సెంటరున, గంటకింత యని చెల్లించి యాడితిని. (నాటి కృష్ణా జిల్లాలోని ఆ మెట్టప్రాంతము 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో నున్నది.) రెండు గంటలు గడచినను తలుపు తెఱవలేకపోతిని. నందిగామనుండి వచ్చి ప్రక్క కుర్చీలో కూర్చున్న బాలుడొకడు, ఆంగ్లమును కూడబలుకుకొని చదువువాడు, నాకంటె ముందుగా తెఱచెను. ఇది నన్ను ఆలోచింపజేసినది. మన పొడుపుకథ పెక్కుసారులు మాటలోని మెలికపై నిలుచును. భాష మాఱిన చెడును. గదిక్రీడలో మంచము, పరదా, సొరుగు అనునవే పదములు. వాని పొందికయే వాక్యము.

ఆ పొందిక ఎట్లుండవలెనో ఈ క్రీడలకు పూర్వరూపమగు 'మిస్ట్' చక్కగా చూపుచున్నది. మిల్లర్ సోదరులు దానిని 1993లో రచించిరి. అందు గోపురమున మూడు తేదీలు, వేళలు దొరకును. వానిని నక్షత్రశాలలోని యంత్రమున నుంచినచో మూడు నక్షత్రాకృతులు కనబడును. గ్రంథాలయములోని పుస్తకమున ఆ యాకృతుల పేర్లుండును. ఆ పేర్లకు సరియగు గుర్తులున్న స్తంభములను ఒత్తగా, రేవున మునిగియున్న ఓడ పైకి లేచును! ప్రతి మెట్టును ముందే కన్నులయెదుట నున్నదే. తెలిసిన పిమ్మట ఇంతకంటె వేఱొక తీరున నుండజాలదనిపించును. సాధుప్రహేళికకు నేను కోరు లక్షణమిదియే.

దీనికి విరుద్ధముగా, గోడమూల కనబడని చుక్కనొకదానిని దైవికముగా నొక్కిన గాని ముందుకు సాగని క్రీడలు లెక్కకు మిక్కిలి. అవి దుష్టములు. ఆడువాడు బుద్ధిని విడిచి తెరనంతయు వ్రేలితో దున్నును. జవాబు దొరకినపుడు అద్భుతము కలుగదు, విసుగు తీఱును. విశ్వనాథుని యాక్షేపణ వీనికి సంపూర్ణముగా తగును.

మంచివానికిని కొంత తగునేమో. పింగళి సూరన కళాపూర్ణోదయమున రంభ నోట కలాపూర్ణుని ప్రసక్తి వెలువడి, చెప్పరాని కథ యని అచటనే ఆగును. ఆ ముడి విప్పుటకు మధురలాలస యను పసిపాప యెదను మణి తాకువఱకు వేచియుండవలెను. ముడి వీడిన పిమ్మట ఆ కావ్యమును మఱల చదువుదుము. అతుకులు తెలిసినకొలది రుచి హెచ్చును. గదిక్రీడకు సామాన్యముగా ఆ పునఃపఠనము లేదు. పైగా ఆయుర్దాయమును స్వల్పమే. ఇట్టివి పెక్కు ఫ్లాష్ అను సాధనముపై నిర్మితములు. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి పోషణ మానినది. 'రఫుల్' వంటి అనుకరణ సాధనముల వలన కొన్ని మాత్రము నేడును ఆడుచున్నవి. వ్రాతప్రతులను వెదకుటకు అలవాటుపడిన మన శాఖలకు ఈ కష్టము క్రొత్తది కాదు.

అయినను ఆ బాలుడు తలుపు తెఱచిన వెంటనే క్రీడను మొదటినుండి మఱల తెఱచి, తన మిత్రుని కుర్చీలో కూర్చుండబెట్టెను. తాను తెరవైపు చూడలేదు. మిత్రుని మొగమునే చూచుచుండెను. నేను సొరుగు సంగతి యడిగితిని. చెప్పనని తల యూపెను.