రాని సభ్యుడికీ నోటీసు

పుదుచ్చేరి నెల్లితోపులో ఒక సంఘం సర్వసభ్య సమావేశం పెట్టాలంటే ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. కార్యదర్శి ఫోను తీసి వాట్సాప్ గ్రూపులో "ఆదివారం ఉదయం పదింటికి మీటింగు, అందరూ తప్పక రావాలి" అని పెడతారు. నలుగురు దండం బొమ్మలు పెడతారు. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు.

కానీ గ్రూపులో లేనివారి మాటేమిటి? బటన్ ఫోన్ వాడే పెద్దాయన, కిందటి ఎన్నికలప్పుడు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయిన సభ్యురాలు, ఉద్యోగం మీద యానాంలో ఉంటున్న యువకుడు కూడా రిజిస్టరులో ఉన్నవాళ్ళే. యానాం పుదుచ్చేరిలో భాగమే అయినా దూరం 800 కిలోమీటర్లకు పైమాటే. అక్కడి సభ్యుడికి శుక్రవారం చెప్పి ఆదివారం రమ్మంటే రావద్దన్నట్టే.

పుదుచ్చేరిలో సంఘాలు నమోదయ్యేది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద. మామూలు సమావేశాలకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది ఆ చట్టం సంఘం బైలాకే వదిలేసింది. సంఘం ఆశయాన్నే మార్చాలంటే మాత్రం 12వ సెక్షన్ గట్టిగా పట్టుకుంటుంది. ప్రతిపాదన రాతలోనో అచ్చులోనో ఉండాలి. సమావేశానికి పది రోజుల ముందే ప్రతి సభ్యుడికీ చేతికివ్వాలి, లేదా పోస్టులో పంపాలి. అయిదింట మూడు వంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి. నెల తర్వాత రెండో సమావేశం పెట్టి, హాజరైనవారిలో మళ్ళీ అయిదింట మూడు వంతుల మందితో ఖాయం చేయించాలి. కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేకుండా నడిచే సంస్థలకు 14 రోజుల గడువుంది. నోటీసు అందిన రోజు, సమావేశం రోజు ఆ లెక్కలోకి రావు.

"ఆయన ఎలాగూ రారు, ఆయనకెందుకు?" అన్న మాట ప్రతి కార్యవర్గంలోనూ వినిపిస్తుంది. దీనికి జవాబు 1920లోనే వచ్చింది. లండన్‌లోని లేడీస్ ఇంపీరియల్ క్లబ్బు కమిటీ యంగ్ అనే సభ్యురాలిని తొలగించింది. కమిటీలో ఉన్న అబర్‌కార్న్ డచెస్ తాను రాలేనని ముందే చెప్పారు కాబట్టి ఆమెకు నోటీసు పంపలేదు. ఆ ఒక్క లోపంతో తొలగింపు చెల్లదని అప్పీలు కోర్టు తేల్చింది. 1973లో పరమేశ్వరీ ప్రసాద్ గుప్తా కేసులో మన సుప్రీంకోర్టూ అదే సూత్రం చెప్పింది. ఒక్క డైరెక్టరుకు నోటీసు వెళ్ళకపోయినా కంపెనీ బోర్డు తీర్మానం చెల్లదంది. తర్వాత పద్ధతిగా జరిగిన మరో సమావేశం దాన్ని ఆమోదించబట్టి అక్కడ ఆ తీర్మానం నిలిచింది.

రానని చెప్పిన మనిషి ఎజెండా చూసి మనసు మార్చుకోవచ్చు. అందుకే నోటీసులో తేదీ, వేళ, చోటు ఉంటే చాలదు, ఏం తేల్చబోతున్నారో కూడా ఉండాలి. "అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశాలు" అనే చివరి వరుస చిన్నాచితకా విషయాలకే. చందా పెంపునూ స్థలం అమ్మకాన్నీ అందులోంచి లోపలికి తేవడం అన్యాయం.

పుదుచ్చేరిలో ఇంకో సంగతి ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న కుటుంబాలు ఇక్కడ చాలా. తెలుగు సంఘమైనా నోటీసు ఒక పక్క తెలుగులో, మరో పక్క తమిళంలో ఉంటేనే అది సభ్యులందరికీ చేరినట్టు.

చందా మూడు నెలలకు మించి బాకీ ఉన్నవారికి ఓటు లేదని 15వ సెక్షన్ అంటుంది. అయినా వారికీ పంపడమే మేలు. పోయేది తపాలా ఖర్చే, బాకీ వసూలైనా కావచ్చు.

కార్యదర్శులకు ఒక మనవి. వచ్చే సమావేశానికి ముందు సభ్యత్వ రిజిస్టరు తీసి చిరునామాలు సరిచూడండి. చేతికిచ్చిన ప్రతి నోటీసుకూ డెలివరీ పుస్తకంలో సంతకం తీసుకోండి, పోస్టు రసీదులు మినిట్స్ పుస్తకంతో పాటు దాచండి. వాట్సాప్‌లోనే పంపాలనుకుంటే ముందు బైలాలో ఆ మాట రాయించుకోండి. మీతో విభేదించే సభ్యుడికి మాత్రం మొట్టమొదటి నోటీసు పంపండి.