దెబ్బ తినడానికీ సాధన కావాలి

చేతిలో కర్ర లేకుండా, నోట తిట్టు రాకుండా, కొట్టేవాడికి ఎదురుగా వెళ్లి నిలబడి ప్రాణం మీదికి తెచ్చుకోవడం వీరత్వమా, వృథా ప్రయాసా? వీరత్వమనేవాళ్లు త్యాగం అన్న మాట వినగానే చేతులు జోడిస్తారు. వృథా అనేవాళ్లు పోయిన ప్రాణాలను లెక్కపెట్టి పెదవి విరుస్తారు. ఇద్దరి కంటికీ ఆనని విషయం ఒకటుంది. అది పనితనం. ప్రాణానికి తెగించడం ఒక్క క్షణపు ఆవేశంతో జరిగిపోవచ్చు. ఆ తెగింపు వల్ల లోకంలో ఏదైనా కదలాలంటే మాత్రం దాని వెనక నెలల తరబడి సాధన ఉండాలి. ఆ సాధన ఎలా ఉంటుందో చూడాలనుకునేవారికి నేను చూపించే చోటు అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్ నగరం. కాలం 1959 నుంచి 1961 వరకు. పనివాళ్లు ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న కాలేజీ విద్యార్థులు.

అప్పట్లో నాష్‌విల్ నడిబొడ్డున ఉన్న పెద్ద దుకాణాల్లో నల్లజాతివారు బట్టలు కొనవచ్చు, సామాను కొనవచ్చు. అదే దుకాణంలో ఉన్న లంచ్ కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక శాండ్‌విచ్ తినడానికి మాత్రం వీల్లేదు. డబ్బు తీసుకునే చేతికి లేని అంటు, పళ్లెం అందించే చేతికి ఉండేది. ఈ అవమానాన్ని ఎక్కడ పట్టి లాగితే మొత్తం కదులుతుందో ఆలోచించిన మనిషి జేమ్స్ లాసన్.

లాసన్ మెథడిస్టు క్రైస్తవ బోధకుడు. కొరియా యుద్ధ కాలంలో సైన్యంలో చేరనని చెప్పి ఏడాదికి పైగా జైల్లో గడిపినవాడు. ఆ తరువాత మన దేశం వచ్చి, 1953 నుంచి 1956 దాకా నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేశాడు. గాంధీ వెళ్లిపోయి అప్పటికి ఐదేళ్లే అయింది. ఆయనతో కలిసి నడిచినవాళ్లు ఇంకా ఉన్నారు. సత్యాగ్రహం ఎలా నడుస్తుందో లాసన్ ఇక్కడ శ్రద్ధగా తెలుసుకున్నాడు. అమెరికాలోని మాంట్‌గమరీలో నల్లజాతివారు బస్సులను బహిష్కరించారన్న వార్త కూడా నాగపూర్ పత్రికలోనే చదివాడు. 1957లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిసినప్పుడు, ఆలస్యం చేయకుండా దక్షిణాదికి రమ్మని కింగ్ కోరాడు. అలా లాసన్ నాష్‌విల్ చేరాడు. మన ఉప్పు సత్యాగ్రహం నేర్పిన పాఠం ఆయన చేతి మీదుగా టెనెసీ దాకా వెళ్లింది.

ఒక చర్చి గదిలో సాయంత్రాలు ఆయన వర్క్‌షాపులు నడిపేవాడు. ఆ గదిలో జరిగినదాన్ని దగ్గరగా చూడాలి. కుర్చీలు వరసగా వేసి, అదే లంచ్ కౌంటర్ అనుకునేవారు. కొందరు విద్యార్థులు వాటిలో కూర్చునేవారు. మిగతావారు వెనక చేరి అల్లరిమూక వేషం కట్టేవారు. బూతులు తిట్టేవారు, జుట్టు పట్టి గుంజేవారు, మొహం మీదికి సిగరెట్టు పొగ వదిలేవారు, కుర్చీలోంచి కిందికి తోసేవారు. కింద పడ్డవాడు తల, కడుపు కాపాడుకునేలా ముడుచుకోవడం నేర్చుకోవాలి. దెబ్బలు తింటూ కూడా కొట్టేవాడి కళ్లలోకి చూడటం నేర్చుకోవాలి. కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్న మనిషిని కొట్టడం అంత తేలిక కాదని లాసన్ నమ్మకం. ఒక్కడి మీదే దెబ్బలు పడుతుంటే పక్కవాడు వెళ్లి తన ఒళ్లు అడ్డం పెట్టాలి. అప్పుడు దెబ్బలు ఇద్దరికీ పంచుకుపోయి, ప్రాణం తీసేంత దెబ్బ ఏ ఒక్కరికీ తగలకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. వేషాలు మార్చుకుని మళ్లీ చేసేవారు. తిట్టినవాడు కూర్చునేవాడు, కూర్చున్నవాడు తిట్టేవాడు. తిట్టే వేషం వేసినవాడికి ఎదుటి మనిషి లోపల ఏముందో కొద్దిగా తెలిసేది.

ఇందులో ఎక్కడా మూఢభక్తి లేదు. షికాగో నుంచి వచ్చిన ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థిని డయాన్ నాష్‌కు మొదట్లో ఈ అహింస పనిచేస్తుందన్న నమ్మకమే లేదు. ఊళ్లో ఈ వివక్ష మీద ఏదైనా చేస్తున్నవాళ్లు వీళ్లొక్కరే కనుక వస్తూ పోయింది. అలా అనుమానంతో వచ్చిన మనిషే ఆ ఉద్యమానికి నాయకురాలైంది. అహింస మీద నమ్మకం ఆమెకు ఉపన్యాసాల వల్ల రాలేదు. చేసి చూడటం వల్ల వచ్చింది.

ముందుగా 1959 నవంబరు, డిసెంబరుల్లో రెండు దుకాణాలకు వెళ్లి పరీక్షించుకున్నారు. కూర్చున్నారు, వడ్డించరా అని అడిగారు, లేదనిపించుకుని మర్యాదగా లేచి వచ్చేశారు. నేల ఎలా ఉందో తెలుసుకోవడమే అప్పటి పని. 1960 ఫిబ్రవరి 13న అసలు సిట్-ఇన్ మొదలైంది. 124 మంది విద్యార్థులు, ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కట్టుకునే మంచి బట్టలతో, చేతుల్లో పాఠ్యపుస్తకాలతో నడిచి వెళ్లి మూడు దుకాణాల్లో స్టూళ్ల మీద కూర్చున్నారు. వడ్డించలేదు. చదువుకుంటూ కూర్చున్నారు.

జాన్ లూయిస్, బెర్నార్డ్ లఫాయెట్ అనే ఇద్దరు విద్యార్థులు కూర్చునేవారందరి కోసం నియమాలు రాసి పంచారు. ఎదురు కొట్టకూడదు, తిట్టకూడదు, పకపకా నవ్వకూడదు. నాయకుడు చెప్పందే సీటు వదలకూడదు. దుకాణం వాకిలికి అడ్డం నిలబడకూడదు. నిటారుగా, కౌంటర్ వైపే మొహం పెట్టి కూర్చోవాలి. మర్యాదగా మాట్లాడాలి. చూడటానికి చిన్న విషయాలు. కానీ నవ్వకూడదన్న నియమం వెనక ఎంత ఆలోచన ఉందో చూడండి. తిట్టేవాడికి కోపం తెప్పించడానికి ఎదురుదెబ్బే అక్కర్లేదు, ఒక నవ్వు చాలు. వాకిలికి అడ్డం నిలబడకపోతే దారి ఆపారన్న కేసు పెట్టడానికి వీలుండదు. కొట్టేవాడికి సాకు దొరకకుండా ఒక్కో కన్నం పూడ్చుకుంటూ వచ్చారు.

ఫిబ్రవరి 27న పరీక్ష వచ్చింది. మూకదాడి జరుగుతుందని ముందే కబురు అందింది. అయినా వెళ్లారు. పోలీసులు పక్కకు తప్పుకున్నారు. తెల్ల కుర్రాళ్లు వచ్చి స్టూళ్ల మీది నుంచి లాగి కొట్టారు. ఆ తరువాత పోలీసులు వచ్చి అరెస్టు చేసింది కొట్టినవాళ్లను కాదు, కూర్చున్నవాళ్లను. ఇక్కడే వాళ్ల పనితనం నాకు తలవంచాలనిపించేంత గొప్పగా కనిపిస్తుంది. మొదటి వరసను బండెక్కించగానే రెండో వరస వచ్చి అవే స్టూళ్ల మీద కూర్చుంది. ఆ వరసనూ పట్టుకెళితే మూడో వరస వచ్చింది. ఆ రోజు సుమారు 80 మంది అరెస్టయ్యారు, కూర్చునేవాళ్లకు మాత్రం కొరత రాలేదు. కోర్టు ఒక్కొక్కరికి 50 డాలర్ల జరిమానా వేస్తే, డయాన్ నాష్, మరికొందరు అది కట్టబోమని చెప్పి జైలుకే వెళ్లారు. అన్యాయానికి తమ డబ్బుతో సాయం చేయబోమన్నారు.

ఆ రోజుల్లోనే లాసన్‌కు ఎదురైన ఒక సంఘటన చెప్పాలి. ఒక కుర్రాణ్ని కొడుతుంటే అడ్డుపడటానికి వెళ్లిన ఆయన మొహం మీద ఒక తెల్ల యువకుడు ఉమ్మాడు. లాసన్ అతన్ని చేతిరుమాలు ఉందా అని అడిగాడు. ఆ కుర్రాడు తెల్లబోయి, జేబులోంచి తీసి ఇచ్చాడు. మొహం తుడుచుకుని రుమాలు తిరిగి ఇస్తూ, నీకు మోటార్‌సైకిల్ ఉందా అంటూ లాసన్ మాట కలిపాడు. ఇద్దరూ కాసేపు బండి గురించి మాట్లాడుకున్నారు. ఈలోగా దెబ్బలు తింటున్న కుర్రాడు లేచి నిలబడగలిగాడు. దీన్ని సహనం అంటే సరిపోదు. ఎదుటివాడి కోపం ఏ దారిన పోవాలో క్షణంలో తేల్చిన నేర్పు అది. అలాంటి తెలివి ఆ క్షణంలో పుట్టదు. ఏళ్ల సాధన ఒంట్లో ఇంకిపోయినవాడికే అది అందుతుంది.

ఏప్రిల్ 19 తెల్లవారుజామున విద్యార్థుల తరఫు న్యాయవాది అలెగ్జాండర్ లూబీ ఇంటి మీద డైనమైట్ వేశారు. ఆ దంపతులు ఎలాగో బతికారు. అలాంటి ఉదయాన ఆవేశంతో రాళ్లు లేవడం ఎంత తేలిక! వేలమంది మూడేసి మంది వరసలో, నినాదం లేకుండా నగర మేయరు కార్యాలయానికి నడిచారు. మెట్ల మీద మేయరు బెన్ వెస్ట్‌ను డయాన్ నాష్ అడిగిన ప్రశ్న ఆ ఉద్యమం మొత్తంలో అత్యంత సూటి అయిన పనిముట్టు. కేవలం రంగు చూసి మనిషిని వేరుగా చూడటం తప్పని మీకు అనిపిస్తుందా అని ఒక మనిషిని అడిగినట్టు అడిగింది. మేయరుగా ఆయన దగ్గర తప్పించుకునే జవాబులు చాలా ఉండేవి. మనిషిగా ఆయన తప్పేనని ఒప్పుకున్నాడు. మే 10న ఆరు దుకాణాలు నల్లజాతివారికి కౌంటర్ దగ్గర వడ్డించాయి. నల్లజాతి కుటుంబాలు ఈస్టరు పండగ కొనుగోళ్లు మానుకోవడం వల్ల దుకాణాల గల్లా ఖాళీ కావడం కూడా అందుకు కారణం. నైతిక బలాన్నీ డబ్బు దెబ్బనూ జోడించడం వాళ్లకు తెలుసు.

ఇంతవరకూ దెబ్బలు, జైళ్లు. ప్రాణాల ప్రశ్న నేరుగా ఎదురైంది మరుసటి ఏడాది. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల స్టేషన్లలో రంగు తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పిచ్చినా దక్షిణాదిలో ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని బయటపెట్టడానికి ‘కోర్’ అనే సంస్థ 1961 మే 4న 13 మందిని వాషింగ్టన్ నుంచి బస్సుల్లో పంపింది. మే 14న అలబామాలోని ఆనిస్టన్ దగ్గర ఒక బస్సును మూక తగలబెట్టింది. రెండో బస్సులోవాళ్లను బర్మింగ్‌హామ్‌లో చావగొట్టారు. ప్రయాణం ఆగిపోయింది.

ఆగిన చోటి నుంచే తాము మొదలుపెడతామని నాష్‌విల్ విద్యార్థులు అన్నారు. అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ సహాయకుడు జాన్ సీగెన్‌థాలర్ ఫోన్ చేసి, పిల్లలు చచ్చిపోతారు, ఆపించమని డయాన్ నాష్‌ను బతిమాలాడు. వెళ్లేవాళ్లు ముందు రాత్రే వీలునామాలు రాసి సంతకాలు పెట్టారని ఆమె చెప్పింది. తాము పోతే పోస్టు చేయమని కొందరు ఉత్తరాలు రాసి ఆమె చేతికిచ్చారు. ఆమె వాదన స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఆగిపోతే, ఏ ఉద్యమాన్నైనా ఆపాలంటే బాగా కొడితే చాలని అందరికీ తెలిసిపోతుంది. అంటే ప్రాణం పోయే ప్రమాదాన్ని ఆమె తూకం వేసి చూసింది. వెనక్కి తగ్గితే రేపు పోయే ప్రాణాలు కూడా ఆ తూకంలో ఉన్నాయి.

మే 17న 10 మంది బయలుదేరారు. బర్మింగ్‌హామ్ పోలీసులు పట్టి జైల్లో పెట్టి, ఒక రాత్రి బయటికి తీసి, టెనెసీ సరిహద్దులో చీకట్లో రోడ్డు మీద దింపి పోయారు. వాళ్లు ఒక నల్లజాతి ముసలి దంపతుల తలుపు తట్టి, అక్కడి నుంచి నాష్‌కు ఫోన్ చేశారు. ఇంటికి రావడానికి కాదు, తిరిగి బర్మింగ్‌హామ్ వెళ్లడానికి కారు పంపమని. మే 20న మాంట్‌గమరీ స్టేషన్లో మూక విరుచుకుపడింది. జాన్ లూయిస్, విస్కాన్సిన్ నుంచి వచ్చిన తెల్ల విద్యార్థి జిమ్ జ్వెర్గ్, విలియం బార్బీ రక్తపు మడుగులో పడ్డారు. ఫోన్ చేసి బతిమాలిన సీగెన్‌థాలర్ కూడా ఒక అమ్మాయిని కాపాడబోయి తల పగలగొట్టించుకున్నాడు. మే 24న బస్సులు మిసిసిపీ చేరాయి. అక్కడా అదే పద్ధతి: ఒక వరస జైలుకు, మరో వరస బస్సుకు. చాలామంది వెంటనే జామీను తీసుకోలేదు. వేసవి ముగిసేసరికి 300 మందికి పైగా అరెస్టయ్యారు. అక్కడి పార్చ్‌మన్ జైల్లో పాటలు ఆపకపోతే పరుపులు లాక్కుంటామంటే, పరుపులు ఇచ్చేసి పాడారు. సెప్టెంబరు 22న అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ ఆదేశమిచ్చింది. నవంబరు 1 నుంచి స్టేషన్లలో ‘తెల్లవారికి’, ‘నల్లవారికి’ అన్న బోర్డులు తీసేయాల్సి వచ్చింది.

దీనికి చెల్లించిన వెల చిన్నది కాదు. బార్బీ ఆ గాయాల నుంచి ఎప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. ఎప్పుడూ గెలుపే వస్తుందని చెప్పడం కూడా అబద్ధమవుతుంది. జార్జియాలోని ఆల్బనీలో 1961-62లో ఇలాంటి ఉద్యమమే నిలిచిపోయింది. అక్కడి పోలీసు అధికారి లోరీ ప్రిచెట్ అహింసను చదివి అర్థం చేసుకున్నవాడు. నలుగురిలో కొట్టించలేదు. మర్యాదగా అరెస్టు చేయించి, జైళ్లు నిండకుండా చుట్టుపక్కల జిల్లాలకు పంచాడు. అవతలివాడు కూడా పనివాడైతే ధైర్యం ఒక్కటే చాలదని ఆల్బనీ నేర్పింది.

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న రాగానే పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952లో మద్రాసులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి డిసెంబరు 15న ఆయన ప్రాణం వదిలారు. నాలుగు రోజుల్లో నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. ఆ త్యాగం వృథా కాదన్నది చరిత్ర. కానీ ఆ మధ్య రోజుల్లో ఊళ్లు భగ్గుమన్నాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆయన ఒక్కరి సాధన గొప్పదే. కానీ ఆయన కోసం వీధిలోకి వచ్చిన జనానికి అలాంటి సాధన ఎవరూ నేర్పి ఉండలేదు. నాష్‌విల్‌లో ఆ నిగ్రహం ఒక్కరిది కాక అందరిదీ అయింది. నాకు ఆ తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

అందుకే, శాంతియుతంగా ప్రాణానికి తెగించేవారిని చూసినప్పుడు వీరులా పిచ్చివాళ్లా అని అడగడం కంటే వేరే ప్రశ్నలు వేయాలి. ఎక్కడ నిలబడాలో ఆలోచించి ఎంచుకున్నారా? కొట్టేవాడికి సాకు లేకుండా చేశారా? పడిపోయినవాడి చోటికి వచ్చేవాడు సిద్ధంగా ఉన్నాడా? అవతలివాడి లోపలి మనిషిని పలకరించే మాట ఒకటి తయారుగా ఉందా? వీటికి జవాబులు ఉన్న చోట ప్రాణాలకు వచ్చే ప్రమాదం తగ్గుతుంది, ఆ ప్రమాదానికి దక్కే ఫలితం పెరుగుతుంది. నాష్‌విల్ పిల్లలు చావడానికి వెళ్లలేదు. చావు వచ్చినా పని ఆగకూడదని దానికి తగినట్టు సిద్ధమై వెళ్లారు. వీరత్వం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం అదే. అది పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకోదగినది. ఇప్పటి పిల్లలకు నేర్పదగినది కూడా.