సత్యభామ జడ, మాధవి నడక

భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ కనిపిస్తుంది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. వెనక నుంచి నగలు తొడిగిన పొడవాటి జడ తెర మీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది. నాట్యంలో తనను ఓడించగలవాళ్లుంటే ఈ జడ కోసిస్తానని సభకు సవాలు. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆ జడ వేసుకున్నది మగవాళ్లే. సిద్ధేంద్రయోగి రాశాడని చెప్పుకునే ఈ కలాపంలో, అక్కడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మకొక్కసారైనా భామ వేషం కట్టాలన్నది ఊరి ఆనవాయితీ.

చీర కట్టి సవరం పెట్టుకున్నంత మాత్రాన స్త్రీవేషం కుదరదు. భుజాల బిగువు సడలాలి, అడుగు నిడివి తగ్గాలి, మెడ తిప్పడానికి ముందే చూపు తిరగాలి. అంతకన్నా కష్టం వాచికం. ఈ సంప్రదాయంలో నటుడు తన దరువు తానే పాడాలి, తన మాట తానే పలకాలి. గొంతు సన్నం చేసి కీచుమంటే అభాసుపాలవుతాడు. అందుకని మాట విరుపులో, సాగదీతలో, మధ్య మధ్య వదిలే మౌనంలో ఆడతనాన్ని పట్టాలి. చెలికత్తె మాధవి వచ్చి నీ మగడి పేరేమిటని సత్యభామను అడిగే ఘట్టం చూడండి. ఇందాక సభనంతటినీ సవాలు చేసిన మనిషి మొగుడి పేరు నోటితో చెప్పలేక మెలికలు తిరిగిపోతుంది. గర్వం మొత్తం పోకూడదు, సిగ్గు అతి కాకూడదు. రెండూ ఒకే ముఖంలో ఉండాలి. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) ఇక్కడే మహానటుడయ్యాడు. సత్యభామగా, ఉషగా ఆయన పేరు ఊరు దాటింది. 1970లో పద్మశ్రీ వచ్చింది.

నాటకరంగంలో ఇదే విద్యను ఇంకో దారిన నడిపినవాడు బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు. తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, కన్యాశుల్కంలో మధురవాణి, మొగలు రాకుమార్తె రోషనార. ఈ నలుగురి నడకా ఒకటి కాదు, కోపమూ ఒకటి కాదు. 'ఆడది' అనే ఒక్క అచ్చు పోసి వదిలేసే నటుడికి ఈ పాత్రలు లొంగవు.

అయినా ఆడా మగా గీతను నిజంగా చెరిపేసే పాత్ర భామ కాదనుకుంటాను, మాధవి. ఆ పాత్ర కట్టేది సూత్రధారుడే. భామ దగ్గర మాధవి, చెలికత్తె. భామ ఉత్తరం పట్టుకుని కృష్ణుడి దగ్గరికి వెళ్లగానే మాధవుడు, చెలికాడు. ఆహార్యం పెద్దగా మారదు, నిలబడే తీరూ మాట వరసా మారతాయి. ఉత్తరం చేరవేయడానికి భామ ముక్కెరకే బేరం పెట్టే గడుసుదనం మాధవిది. సత్యభామ వేషధారి మగతనాన్ని నగల కింద కప్పేస్తాడు. మాధవికి ఆ చాటు లేదు. మగవాడిగా కళ్లెదుట కనిపిస్తూనే ఆడదై, మళ్లీ మగవాడై తిరిగే ఈ పాత్రను హాస్యం కింద జమకట్టి వదిలేయడం మన రసజ్ఞతకు వెలితి.

ఈ విద్యను పొగిడేటప్పుడు దాచకూడని మాట ఒకటుంది. కూచిపూడి మేళాల్లో స్త్రీకి చోటు లేకపోబట్టే స్త్రీవేషం అంత పెరిగింది. గోదావరి ప్రాంతపు కలావంతుల స్త్రీలు తమ భామాకలాపాన్ని తాము ఆడారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక వాళ్ల ఆటకు వేదికే కరువైంది. సత్యభామగా మగవాళ్లు గౌరవాలందుకుంటున్న కాలంలో, సొంత భామాకలాపం ఉన్న స్త్రీలు తమ విద్య పేరెత్తడానికే జంకారు. ఇంకొకటి: వేదిక మీద శర్మగారి నడకకు మురిసిపోయే మనమే, వీధిలో ఓ కుర్రాడు కాస్త ఒయ్యారంగా నడిస్తే ఆడంగి అంటాం. నాకిది మింగుడుపడదు.

వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి శోభానాయుడు వంటి శిష్యురాళ్లను తీర్చిదిద్దాక సత్యభామ జడ ఆడవాళ్ల చేతికొచ్చింది. రావలసిందే. అటు హలీం ఖాన్ వంటి నర్తకులు స్త్రీవేషం కట్టి, ఆ విద్యను ఒక కులం గడప దాటించారు. అదీ మంచిదే. జడ ఎవరు వేసుకున్నారన్నది నాకు బాధ కాదు. నా బాధ వేరు. సోలో ప్రదర్శనల్లో ప్రవేశ దరువు ఒక్కటే మిగిలి, సంభాషణలతో పాటు మాధవి కూడా ఎగిరిపోతోంది. కలాపాన్ని పూర్తిగా ఆడించాలి. ఆ మాధవి వేషం మగపిల్లలకూ ఆడపిల్లలకూ నేర్పాలి. మాధవుడై కృష్ణుడి ముందు నిలబడే ఓ ఆడపిల్లను చూడాలని నాకుంది.