రెండో మెట్టు

ఎండలు ముదిరాయంటే మా విజయనగరం ఇంట్లో ముందుగా వీణకి చోటు మార్చేవారు. పడమటి గదిలోంచి నడిమింట్లోకి, గోడ వారగా, మడతపెట్టిన బొంత మీదికి. వేడికి మైనం మెత్తబడితే మెట్లు కదిలిపోతాయని భయం. ఒక చెయ్యి కుండ కింద, ఒక చెయ్యి యాళి మెడ కింద వేసి, చంటిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు తీసేది అమ్మమ్మ. ఆవిడ చేతుల్లోంచి ఇంకెవరూ అందుకోకూడదు.

అది బొబ్బిలి వీణ. బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో, ఇంటిపేరు చెబితేనే వీణ గుర్తొచ్చే సర్వసిద్ధి వారి వాడలో చేయించింది. 1948లో పెళ్లికి పుట్టింటివారు నగకి బదులు వీణ ఇచ్చారని అమ్మమ్మ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో తగ్గిన బంగారం గురించిన లోటు నేనెన్నడూ వినలేదు.

బొబ్బిలి వీణ అందం దాని ఏకాండితనంలో ఉంది. కుండ, దండి, మెడ విడివిడిగా చెక్కి అతికినవి కావు. ఒకే పనసమానులోంచి, అక్కర్లేని కర్రనంతా తీసేయగా మిగిలిన రూపం. పైన పలక కప్పుతారు, ఆ చివర యాళి ముఖం, ఈ చివర గుండ్రటి కుండ, నడుమ సన్నటి దండి. ఎంత చూసినా కంటికి అతుకు దొరకదు. చెట్టు పొడుగున ఈనెలు ఎలా పారాయో, కుండ ఒంపులోనూ అలాగే ఒంపు తిరిగి పారుతుంటాయి, రాయి చుట్టూ మళ్లుకున్న ఏటినీటిలా. పనసకర్ర కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడి, ఆపైన కాచిన బెల్లంపాకం రంగుకి వస్తుంది. మా వీణ ఇప్పుడు ఆ రంగులో ఉంది. పక్కబుర్ర తగిలించేచోట గోటితో గీరినంత చిన్న గీత ఉంది. చిన్నప్పుడు నేను చేసిన పనే. ఆ రోజు ఆ గీతలోంచి చెట్టు నాటి పసుపు తొంగిచూసింది. తర్వాత అదీ మెల్లగా ముదిరి తక్కిన కర్రలో కలిసిపోయింది.

ఈ కళింగ సీమలో వీణ ఇంటింటి వస్తువు కాకపోయినా, వీధివీధికీ తెలిసిన వస్తువు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని మొదటి అధ్యక్షులుగా కూర్చోబెట్టిన ఊరు మాది. హరికథకి పితామహుడైన ఆయన వీణా వాయించేవారు. వాసా వారి వీణ బాణీ గురించి మా వీధి అరుగుల మీద పెద్దలు గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. మధ్యాహ్నం రేడియోలో ఈమని శంకరశాస్త్రిగారి వీణ వస్తే అమ్మమ్మ పోపు కూడా ఆపేసేది. ఆయన శిష్యులు చిట్టిబాబుగారు కోయిలని తీగ మీదికి పిలిచినప్పుడు మాత్రం నవ్వి, "పిట్టకే సిగ్గేసేలా ఉంది" అనేది.

వీణ చూడ్డానికి ఎంత అందమైనదైనా, దాని సౌందర్యం చెవికి తెలిసేది. తక్కిన వారసత్వపు వస్తువుల్ని, కాసులపేరుని, మరచెంబుని, ముత్తవ్వ పట్టుచీరనీ బీరువాలో పెట్టి కాపాడుకోవచ్చు. వీణని అలా దాచితే అది నిలవదు. ఏళ్లకేళ్లు తీగ మోగకుండా మూలనపడిన వీణ తీస్తే, మొదటి నాదం బొంగురుగా, నిద్రలో పలికిన మాటలా వస్తుంది. నెలరోజులు సాధకం చేస్తే గొంతు విచ్చుకుంటుంది. నేను రెండుసార్లు ఈ మేలుకోవడం చెవులారా విన్నాను. మనుషుల చెయ్యి తగిలితేనే బతికే ఆస్తి ఇది.

మీటిన తీగ పలకడం ఒక ఎత్తు, మీటాక మిగిలిన నాదం ఒక ఎత్తు. కుడిచేతి గోరు తీగని వదిలేశాక ఎడమచెయ్యి పని మొదలవుతుంది. మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం పైకి పాకుతుంది, వదిలితే దిగుతుంది. కొత్త మీటు లేకుండానే, ఆరిపోతున్న నాదంలోంచే ఇంకో స్వరం, ఇంకో స్వరం. పాడేవాడికి ఊపిరి ఉంది, వయొలిన్‌కి కమాను ఉంది. వీణకి ఉన్నది ఆ చేజారుతున్న నాదం ఒక్కటే. దాన్ని చివరిదాకా పొదుపుగా, ప్రేమగా వాడుకోవడమే వైణికుడి పని. అమ్మమ్మ తోడి వాయిస్తే గాంధారం దగ్గర తీగని ఎంత దూరం లాగేదంటే, పక్కన కూర్చున్న నేను తెగుతుందేమోనని కళ్లు మూసుకునేదాన్ని. "తెగదులే" అనేది, వాయిస్తూనే. ఆ ఊగే గాంధారంలో ఏడుపు ఉంది, ఏడుపుని మింగిన నిబ్బరమూ ఉంది. తాతయ్య పోయిన ఏడాది మా ఇంట్లో మోగిన రాగం అదొక్కటే.

వీణకి ఇరవైనాలుగు మెట్లు. స్థాయికి పన్నెండు. యాళి వైపు ఎడంగా మొదలై, తీగల్ని మోసే గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఇరుకవుతాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచి, దండి మీద రెండు నల్లటి గట్లు పోసి, వాటి మీద ఈ కంచుమెట్లు నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. కొలబద్ద పెట్టి చేసే పని కాదిది. తీగ మీటి, విని, మెట్టుని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి విని కూర్చాలి. కొన్నేళ్లకి మైనం పాతబడి, మెట్లు అరిగి, శ్రుతి పలుచనైతే మేళం అంతా ఊడదీసి మళ్లీ కట్టాల్సిందే. నా మనసుని పట్టి ఊపేసేది ఈ సంగతే. తరాలకి అందే చెట్టు అదే, దాని లోపలి ఖాళీ అదే. స్వరాల చోటు మాత్రం ఏ తరానికి ఆ తరం మళ్లీ విని కూర్చుకోవాలి. అమ్మమ్మ ఆస్తిగా ఇచ్చిన వీణలో అమ్మమ్మ స్వరాలు లేవు, వాటిని వెతుక్కోవడానికి చోటు ఉంది.

తర్వాత్తర్వాత వీణ హైదరాబాద్ వచ్చింది. ఉద్యోగం, పిల్లలు, అద్దె ఇళ్లు. పదకొండేళ్లు గలేబు విప్పలేదు. మా అమ్మాయి నేర్చుకుంటానన్నాక, పోయిన ఏడాది కారులో వెనకసీటు మీద పడుకోబెట్టి గొల్లపల్లి తీసుకెళ్లాం. అక్కడ వీణలు చేసే పెద్దాయన గలేబు విప్పి, కుండ మీద వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఏటమ్మా, ఇన్నాళ్లు మూలన పడీసినారా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో, దగ్గరివాళ్లకి జబ్బు చేస్తే ముందుగా తీసుకురాలేదేమని అడిగే బాధ ఉంది. మళ్లీ తట్టాడు. "కర్ర బాగుందమ్మా. ఇలాంటి కర్ర ఇప్పుడు దొరకదు" అన్నాడు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

పాత మైనం ఊడదీసి, మెట్లని వరసగా గోనెపట్టా మీద పేర్చాడు. కంచు మీద తీగలు కోసిన గాట్లు, లాగినచోట అరుగుళ్లు. రెండో మెట్టు దగ్గర అమ్మ చెయ్యి ఆగింది. మొదటి తీగ సారణి కింద, ఆ మెట్టు నడుము పల్లంగా, పాత ఇంటి గుమ్మంలా అరిగి ఉంది. తోడి గాంధారం అమ్మమ్మ అక్కణ్నుంచే లాగేది. ఏళ్ల తరబడి లాగి లాగి కంచులో చేసుకున్న చోటు అది.

"దీన్ని ఆకురాయి పట్టాలమ్మా, లేకపోతే తీగ గరగరలాడతాది" అన్నాడు ఆయన.

అమ్మ మెట్టుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అడగకుండా ఉండాల్సింది, కానీ అడిగేశాను: "అది దాచుకుని, కొత్తది వేయించుకుందామా?" అమ్మ తల అడ్డంగా ఊపింది. మెట్టు ఆయన చేతికిచ్చి, "పట్టండి బాబూ" అంది. ఆకురాయి కింద కంచు పసుపురంగు ధూళిగా రాలింది. అరగంటలో ఆ పల్లం లేదు. మెట్టు సమంగా, కొత్తగా మెరిసింది. ఆయన దాన్ని మెత్తటి మైనంలో నిలబెట్టి, సారణి మీటి, అటూ ఇటూ జరిపి, చెవి వంచి, ఇంకో నలకంత జరిపి, చెయ్యి తీశాడు. నాదం నిండుగా పలికింది.

ఇప్పుడు సాయంత్రాలు మా అమ్మాయి దాని ముందు కూర్చుంటుంది. అమ్మ వంటింటి గడపలో కూరగాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని వింటుంది. మొన్న తోడి మొదలుపెట్టారు. పిల్ల రెండో మెట్టు మీద తీగని భయంభయంగా, బియ్యపుగింజంత లాగి వదిలేసింది. గాంధారం దాకా చేరలేదు.

అమ్మ తల ఎత్తకుండానే అంది.

"ఇంకా లాగవే. తెగదులే."